తూము తాళం ఎవరి చేతిలో? యూరోపియన్ యూనియన్ పుట్టుక, నడక

(లండన్‌లో మన వేదిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం. అచ్చు కోసం పునరుక్తులు తీసేసి, తేదీలు, అంకెలు సరిచూసి ఇస్తున్నాను.)



యూరోపియన్ యూనియన్ మీద మాట్లాడమని కార్యదర్శి గారు ఫోన్ చేసినప్పుడు, "బ్రిటన్ బయటికి వచ్చేసింది కదండీ, ఇప్పుడు దాని గొడవ మనకెందుకు?" అన్నాను. "లోపల ఉన్నన్నాళ్లూ ఎవరం పట్టించుకోలేదు, ఇప్పుడైనా అదేమిటో తెలుసుకుందాం" అన్నారాయన. ఆ మాట సబబుగానే తోచింది.

ముందుగా ఒక సంగతి గుర్తుచేస్తాను. 2016 జూన్ 23న జరిగిన రెఫరెండంలో ఈ దేశంలో నివాసం ఉంటున్న కామన్వెల్త్ దేశాల పౌరులకు ఓటు ఉంది. అంటే భారతీయ పాస్‌పోర్ట్‌తో వర్క్ పర్మిట్ మీద ఉన్న మనవాళ్లకూ ఓటు ఉంది. ఏళ్ల తరబడి ఇక్కడే పన్నులు కడుతున్న పోలాండ్, ఇటలీ మనుషులకు మాత్రం లేదు. ఒక ఖండం రాజకీయాన్ని మలుపు తిప్పిన ఓటింగులో, ఆ ఖండంతో ఏ సంబంధమూ లేని గుంటూరు, కరీంనగర్ జిల్లాల మనుషులు పాల్గొన్నారు. కాబట్టి మనం ప్రేక్షకులం మాత్రమే అనుకోవడానికి లేదు.

ఈయూ గురించి సాధారణంగా రెండు కథలు వింటుంటాం. రెండు ప్రపంచ యుద్ధాల తర్వాత పెద్దమనుషులకు జ్ఞానోదయమై చేతులు కలిపారన్నది ఒకటి. బ్రసెల్స్‌లో కూర్చున్న అధికారులు దేశాల అధికారాలను మెల్లగా మింగేశారన్నది రెండోది. రెండింట్లోనూ కొంత నిజం ఉంది. కానీ అసలు ఇది ఎలా నడుస్తోందో రెండూ చెప్పవు.

నాకు తోచిన పోలిక ఒకటి చెబుతాను. మనలో చాలామంది కాలువ కింద వ్యవసాయం చూసి పెరిగినవాళ్లమే. ఒక కాలువ మీద పది ఊళ్లుంటే, పై ఊరి రైతు మంచివాడైనంత మాత్రాన కింది ఊరి పొలం తడవదు. ముందుగా వంతుల పట్టిక ఒకటి ఉండాలి. తూము తాళం పై ఊరివాళ్ల దగ్గర కాకుండా లస్కరు దగ్గర ఉండాలి. వంతు తప్పినవాణ్ణి నిలదీసే అధికారి ఉండాలి. పట్టిక, తాళం, నిలదీసేవాడు. యూరప్‌లో ఈ మూడూ కుదిరిన చోట కలయిక నిలబడింది. ఒక్కటి తగ్గిన చోట ఏదో ఒకరోజు గండి పడింది. ఈ రోజు నేను చెప్పేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

బొగ్గు, ఉక్కుతో మొదలు

1950 మే 9న ఫ్రాన్స్ విదేశాంగ మంత్రి రాబర్ట్ షూమన్ ఒక ప్రకటన చేశారు. దాని వెనుక ఆలోచన జాన్ మొనే అనే ఆయనది. ఆయన ఎన్నికల్లో గెలిచిన నాయకుడు కాదు. కోన్యాక్ బ్రాందీ వ్యాపారం చేసే కుటుంబంలో పుట్టి, యుద్ధకాలంలో మిత్రదేశాల సరఫరాల పని చూసినవాడు. ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీల బొగ్గు, ఉక్కు ఉత్పత్తిని రెండు ప్రభుత్వాల చేతుల్లోంచీ తీసి ఒక ఉమ్మడి సంస్థ కింద పెడదాం, ఇతర దేశాలూ చేరవచ్చు అన్నది ఆ ప్రకటన సారాంశం.

బొగ్గు, ఉక్కే ఎందుకు? ఆ రోజుల్లో అవి లేకుండా ఫిరంగి లేదు, ట్యాంకు లేదు. పక్కవాడు ఎంత ఉక్కు చేస్తున్నాడో, దాన్ని దేనికి వాడుతున్నాడో తెలియనంత కాలం భయం పోదు. అందుకని స్నేహం గురించి ఉపన్యాసాలు ఇవ్వకుండా, భయం ఎక్కడుందో అక్కడే చెయ్యి వేశారు.

1951లో పారిస్‌లో ఆరు దేశాలు సంతకాలు చేశాయి: ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీ, ఇటలీ, బెల్జియం, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్. 1952లో లక్సెంబర్గ్ నగరంలో హై అథారిటీ పని మొదలుపెట్టింది. మొనే దానికి మొదటి అధ్యక్షుడు. బొగ్గు, ఉక్కు కంపెనీల నుంచి నేరుగా లెవీ వసూలు చేసే అధికారం దానికి ఉంది. అంటే రోజువారీ ఖర్చు కోసం సభ్య దేశాల ముందు చెయ్యి చాచనక్కర్లేదు. పక్కనే ఒక న్యాయస్థానం, ఒక అసెంబ్లీ, ఒక మంత్రుల మండలి. ఈనాటి ఈయూలో కనిపించే నాలుగు ముఖ్యమైన అంగాలూ ఆ రోజే మొలకెత్తాయి.

ఆ ఉత్సాహంలో వెంటనే పెద్ద గంతు వేయబోయారు. ఉమ్మడి సైన్యం కోసం ఒక ఒప్పందం తయారైంది. 1954 ఆగస్టులో ఫ్రాన్స్ పార్లమెంటే దాన్ని పక్కన పడేసింది. యుద్ధం ముగిసి పదేళ్లయినా నిండకుండా జర్మన్లతో కలిసి సైన్యమా అన్న జంకు ఒక పక్క, సార్వభౌమత్వం పోతుందన్న భయం మరో పక్క. దాంతో దారి మార్చి మళ్లీ వ్యాపారానికే వచ్చారు. 1957 మార్చి 25న రోమ్‌లో కుదిరిన ఒప్పందంతో యూరోపియన్ ఎకనామిక్ కమ్యూనిటీ పుట్టింది. ఆరు దేశాల మధ్య సుంకాలు అంచెలంచెలుగా తగ్గించుకుంటూ, 1968 జులై 1 నాటికి పూర్తిగా ఎత్తేశారు. బయటి దేశాల సరుకు మీద ఆరుగురూ ఒకే సుంకం వేయడం మొదలుపెట్టారు. ఒప్పందంలో రాసుకున్న గడువు కంటే ఏడాదిన్నర ముందే ఆ పని అయింది.

కరెంటు బిల్లు తెచ్చిన తీర్పు

ఒప్పందాలు రాసుకోవడం ఎవరైనా చేస్తారు. మన దక్షిణాసియాలోనూ అలమరల నిండా ఒప్పందాలున్నాయి. తేడా ఎక్కడొచ్చిందంటే, యూరప్‌లో ఒక మామూలు కంపెనీ, ఒక మామూలు మనిషి ఆ ఒప్పందాన్ని పట్టుకుని తన సొంత ప్రభుత్వం మీద కోర్టుకు వెళ్లగలిగారు.

వాన్ గెండ్ ఎన్ లోస్ అని నెదర్లాండ్స్‌లో ఒక రవాణా కంపెనీ. పశ్చిమ జర్మనీ నుంచి ఒక రసాయనం తెప్పించుకుంటే, డచ్ కస్టమ్స్ వాళ్లు 3 శాతం బదులు 8 శాతం సుంకం వేశారు. సుంకాలు పెంచకూడదని రోమ్ ఒప్పందంలో ఉంది కదా అని కంపెనీ వాదించింది. అది దేశాల మధ్య ఒప్పందం, మధ్యలో మీరెవరు అంది ప్రభుత్వం. ఈ ఒప్పందం పౌరులకు కూడా హక్కులిస్తుంది, వాటిని దేశంలోని కోర్టులు కాపాడాలి అని 1963లో ఉమ్మడి న్యాయస్థానం చెప్పింది.

మరుసటి ఏడాది ఇంకా చిన్న తగాదా వచ్చింది. ఇటలీ ప్రభుత్వం విద్యుత్ పరిశ్రమను జాతీయం చేసింది. అది నచ్చని ఫ్లామినియో కోస్టా అనే మిలాన్ లాయర్ రెండు వేల లీరాలు కూడా లేని కరెంటు బిల్లు కట్టనన్నాడు. ఆ కేసులో 1964లో వచ్చిన తీర్పు: ఉమ్మడి చట్టానికీ దేశ చట్టానికీ పొసగనప్పుడు ఉమ్మడి చట్టానిదే పైచేయి. ఈ మాట ఒప్పందంలో ఎక్కడా రాసి లేదు. న్యాయమూర్తులు చెప్పారు. కొన్ని దేశాల రాజ్యాంగ న్యాయస్థానాలు ఇప్పటికీ దీన్ని పూర్తిగా మింగలేదు. ఈయూకు ఉన్న అసలు బలం, దాని మీద ఉన్న అసలు కోపం రెండూ ఇక్కడి నుంచే వచ్చాయని నా అభిప్రాయం.

1979లో మరో ముచ్చటైన కేసు. ఫ్రాన్స్‌లో చేసే కాసిస్ డి డిజాన్ అనే తీపి మద్యంలో ఆల్కహాల్ 15 నుంచి 20 శాతం. జర్మనీ రూల్ ప్రకారం ఆ రకం మద్యంలో కనీసం 25 శాతం ఉండాలి. మత్తు తక్కువైందని సరుకును ఆపేశారన్నమాట! కోర్టు ఒప్పుకోలేదు. ఒక సభ్య దేశంలో చట్టబద్ధంగా తయారై అమ్ముడయ్యే వస్తువును, ప్రజారోగ్యం లాంటి గట్టి కారణం ఉంటే తప్ప, మరో సభ్య దేశం ఆపకూడదంది. దీంతో ప్రతి వస్తువుకూ అందరూ కూర్చుని ఒకే రూల్ రాయాల్సిన అవసరం చాలావరకు తప్పింది. 1985లో కమిషన్ అధ్యక్షుడిగా వచ్చిన జాక్ దెలోర్ ఈ పునాది మీదే దాదాపు 300 చట్టాల జాబితా పెట్టుకుని, 1992 చివరికల్లా ఒకే మార్కెట్ అన్న లక్ష్యంతో పనిచేశారు. ఆ పనికి గట్టిగా వెన్నుదన్నుగా నిలిచినవాళ్లలో బ్రిటన్ ప్రధాని మార్గరెట్ థాచర్ ఒకరు. ఈ సంగతి ఈ దేశంలో చాలామంది మరిచిపోయారు.

యంత్రం ఎలా తిరుగుతుంది?

ఇప్పుడు సభ్యులు 27. చట్టం ఎలా పుడుతుందో మనకు బాగా తెలిసిన ఉదాహరణతో చెబుతాను. ఈ గదిలో ఐటీ వాళ్లలో 2017, 2018లలో జీడీపీఆర్ ప్రాజెక్టుల మీద నిద్రలేని రాత్రులు గడపనివాళ్లు తక్కువ. హైదరాబాద్ ఆఫీసుల్లో కూడా అదే హడావిడి. ఆ చట్టం పుట్టుక చూడండి.

2012 జనవరిలో కమిషన్ ముసాయిదా పెట్టింది. కమిషన్ అంటే దేశానికొకరు చొప్పున 27 మంది కమిషనర్లు, వాళ్ల కింద దాదాపు 32,000 మంది ఉద్యోగులు. ఒకటి రెండు మినహాయింపులు తప్పిస్తే చట్టాన్ని ప్రతిపాదించే హక్కు దానికే ఉంది. పార్లమెంటు సభ్యుడికి కూడా సొంతంగా బిల్లు పెట్టే వీలు లేదు. ఆ ముసాయిదా మీద పార్లమెంటులో దాదాపు 4,000 సవరణలు వచ్చాయి. మరో పక్క 27 దేశాల మంత్రులు కూర్చునే మండలి తన మార్పులు తాను చేసింది. 2013లో క్రొయేషియా చేరడంతో మండలిలో కుర్చీలు 28 అయ్యాయి. ముగ్గురి ప్రతినిధులు కూర్చుని బేరాలాడుకుని, 2016 ఏప్రిల్‌లో ఆమోదించారు. రెండేళ్లు గడువిచ్చి 2018 మే 25 నుంచి అమలు. నాలుగేళ్ల బేరం, రెండేళ్ల గడువు. నత్తనడకే! కానీ అమల్లోకి వచ్చాక దానికి కోరలున్నాయి. ప్రపంచవ్యాప్త టర్నోవర్‌లో 4 శాతం దాకా జరిమానా వేయవచ్చు. 2023 మేలో ఐర్లండ్ నియంత్రణ సంస్థ మెటా కంపెనీకి 120 కోట్ల యూరోల జరిమానా వేసింది.

ఇక్కడ ఇంకో సంగతి గమనించండి. అమలు చేసింది ఐర్లండ్ సంస్థ. బ్రసెల్స్‌కు సొంత పోలీసు లేదు, పన్ను వసూలు చేసే తాసీల్దారూ లేడు. బడ్జెట్ మొత్తం సభ్య దేశాల జాతీయాదాయంలో సుమారు 1 శాతం. చట్టం ఉమ్మడిది, అమలు చేసే చేతులు దేశాలవి, చెయ్యకపోతే అడిగేది కమిషన్, తేల్చేది కోర్టు.

వీటన్నిటి పైన దేశాధినేతల మండలి. ఇది చట్టాలు చెయ్యదు, దారి చూపిస్తుంది, ముడిపడినవి విప్పుతుంది. తెల్లవారుజాము దాకా సాగే శిఖరాగ్ర సమావేశాలంటూ టీవీలో చూపించేది దీన్నే.

భాష సంగతి మనకు ఆసక్తిగా ఉంటుంది. 1958లో ఆ సంస్థ చేసిన ఒకటో నంబరు రెగ్యులేషన్ దేని గురించో తెలుసా? అధికార భాషల గురించి. ఇప్పుడు 24 భాషల్లో చట్టాలు ప్రచురిస్తారు. దాదాపు ఐదున్నర లక్షల జనాభా ఉన్న మాల్టా దేశపు భాషకూ, 8 కోట్లకు పైబడిన జనం ఉన్న జర్మనీ భాషకూ అక్కడ చట్టం దృష్టిలో ఒకటే హోదా. నిన్ను కట్టిపడేసే చట్టం నీ భాషలో లేకపోతే అది నీది కాదని వాళ్లు మొదటి రోజే గుర్తించారు.

ఓట్ల లెక్క

ఇలాంటి కలయికలో చివరికి అన్నీ వచ్చి ఆగేది ఒక ప్రశ్న దగ్గరే. పెద్ద దేశం మాట చెల్లాలా, చిన్న దేశం మాట చెల్లాలా?

1965లో ఈ ప్రశ్న మీద యంత్రం ఆగిపోయినంత పని అయింది. కొన్ని విషయాల్లో మెజారిటీ ఓటింగ్ మొదలుపెట్టే గడువు దగ్గరపడుతోంది. వ్యవసాయ నిధుల తగాదా దానికి తోడైంది. ఫ్రాన్స్ అధ్యక్షుడు డిగాల్ తన మంత్రులను సమావేశాలకు వెళ్లొద్దన్నారు. ఆరు నెలల పాటు ఫ్రాన్స్ కుర్చీ ఖాళీ. 1966 జనవరిలో లక్సెంబర్గ్‌లో రాజీ కుదిరింది. ఏ దేశమైనా ఇది నాకు ప్రాణావసరం అంటే, ఒప్పందంలో ఏం రాసి ఉన్నా అందరూ ఒప్పుకునే దాకా చర్చించాలన్నారు. ఫలితంగా ఇంచుమించు ఇరవై ఏళ్లు బండి ముక్కుతూ మూలుగుతూ నడిచింది. 1987లో అమల్లోకి వచ్చిన సింగిల్ యూరోపియన్ యాక్ట్‌తో మార్కెట్ విషయాల్లో మెజారిటీ ఓటింగ్ విస్తరించాకే వేగం వచ్చింది.

2009లో అమల్లోకి వచ్చిన లిస్బన్ ఒప్పందం ప్రకారం ఇప్పటి లెక్క ఇది. మామూలు చట్టం నెగ్గాలంటే 55 శాతం దేశాలు, అంటే 27లో 15 ఒప్పుకోవాలి. ఆ దేశాల జనాభా మొత్తం జనాభాలో 65 శాతం ఉండాలి. జర్మనీ, ఫ్రాన్స్, ఇటలీ, స్పెయిన్ నాలుగూ కలిస్తే జనాభాలో సగం దాటతారు, అయినా సొంతంగా చట్టం చేయలేరు. చిన్న దేశాలన్నీ ఏకమైనా పెద్దవాళ్ల తోడు లేకుండా 65 శాతం దాటలేవు. ఆపాలన్నా కనీసం నాలుగు దేశాలు కావాలి. చివరికి రెండు పక్షాలూ కూర్చుని మాట్లాడుకోక తప్పదు.

పార్లమెంటులో 2024 ఎన్నికల నుంచి 720 సీట్లు. జర్మనీకి 96, మాల్టాకు 6. జర్మనీలో దాదాపు 8 లక్షల 70 వేల మందికి ఒక సభ్యుడు, మాల్టాలో సుమారు 90 వేల మందికి ఒకరు. ఒక మనిషికి ఒకే విలువ అన్న సూత్రానికి ఇది విరుద్ధం కదా అంటే, అవును, విరుద్ధమే. జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం కూడా 2009లో దీన్ని ఎత్తిచూపింది. కానీ జనాభా లెక్కనే పంచితే చిన్న దేశం గొంతు వినపడదు, వినపడని చోట అది ఉండదు. తెలిసే ఆ వంకర పెట్టుకున్నారు.

పన్నులు, విదేశాంగ విధానం, కొత్త సభ్యులను చేర్చుకోవడం, ఏడేళ్ల బడ్జెట్ లాంటివి మాత్రం ఇప్పటికీ అందరూ ఒప్పుకుంటేనే. ఈ వీటో ఎంత దూరం తీసుకెళుతుందో 2023 డిసెంబరులో చూశాం. యుక్రెయిన్‌తో సభ్యత్వ చర్చలు మొదలుపెట్టడాన్ని హంగరీ ప్రధానిగా ఉన్న విక్టర్ ఒర్బాన్ వ్యతిరేకిస్తున్నారు. చివరికి నిర్ణయం తీసుకునే సమయానికి ఆయన గదిలోంచి బయటికి వెళ్లారు. మిగతా 26 మంది తలూపారు, తీర్మానం అయిపోయింది. నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది. కానీ 45 కోట్ల మంది భవిష్యత్తు ఒక మనిషి గదిలో ఉన్నాడా లేదా అన్నదాని మీద ఆధారపడటం ఆరోగ్యకరమైన పద్ధతి కాదు.

సగం కట్టిన ఇల్లు

మొదట చెప్పిన మూడింటిలో ఒకటి తగ్గితే గండి పడుతుందన్నాను. యూరో కథ అదే.

1992లో మాస్ట్రిక్ట్‌లో సంతకాలు చేసిన ఒప్పందంతో యూరోపియన్ యూనియన్ అన్న పేరు వచ్చింది, ఉమ్మడి కరెన్సీకి దారి పడింది. 1999లో ఖాతాల్లోకి, 2002లో జేబుల్లోకి యూరో వచ్చింది. ఒకే కరెన్సీ, ఒకే సెంట్రల్ బ్యాంకు. కానీ ఉమ్మడి ఖజానా లేదు. బదులుగా ఒక పట్టిక పెట్టుకున్నారు: లోటు జీడీపీలో 3 శాతం, అప్పు 60 శాతం దాటకూడదు. మరి నిలదీసేవాడు? 2003 నవంబరులో జర్మనీ, ఫ్రాన్స్ రెండూ 3 శాతం దాటాయి. వాటి మీద చర్య తీసుకోవాల్సిన మంత్రుల మండలి చర్యను పక్కన పెట్టింది. పెద్ద రైతులే గట్టు తెంచితే చిన్న రైతు ఊరుకుంటాడా?

2009 చివర్లో గ్రీసు లోటు అంతకుముందు చెప్పిన దానికంటే చాలా ఎక్కువని బయటపడింది. మామూలుగా అయితే అలాంటి దేశం తన కరెన్సీ విలువ తగ్గించుకుని ఎగుమతులు పెంచుకుంటుంది. గ్రీసుకు సొంత కరెన్సీ లేదు. మన దేశంలో ఒక రాష్ట్రం చితికితే కేంద్రం నుంచి పన్నుల వాటా, గ్రాంట్లు వస్తూనే ఉంటాయి. యూరప్‌లో అలాంటి కేంద్రమూ లేదు. 2010 మేలో 11,000 కోట్ల యూరోల అప్పు ఇచ్చారు, దానితో పాటు కఠినమైన షరతులు. జీతాలు, పింఛన్లు కోశారు. 2015 వేసవిలో ఏటీఎంలో రోజుకు 60 యూరోల కంటే తీసుకోకూడదని ఆంక్ష పెట్టే దాకా వెళ్లింది. పాపం ప్రభుత్వాలదీ బ్యాంకులదీ అయితే శిక్ష పింఛనుదారుకు పడింది. ఆ చేదు ఇంకా పోలేదు.

దెబ్బ తిన్నాకే మిగతా గోడలు లేపారు. 2012లో శాశ్వత సహాయ నిధి, 2014 నుంచి పెద్ద బ్యాంకుల మీద సెంట్రల్ బ్యాంకు పర్యవేక్షణ. 2020 జులైలో, కోవిడ్ కాలంలో, నాలుగు రోజుల బేరం తర్వాత 75,000 కోట్ల యూరోలు ఉమ్మడిగా అప్పు తెచ్చి, అందులో సగానికి పైగా తిరిగి కట్టనక్కర్లేని గ్రాంట్లుగా దేశాలకు పంచడానికి ఒప్పుకున్నారు. పదేళ్ల క్రితం ఈ మాటెత్తితే జర్మనీలో మండిపడేవారు. 2026 జనవరి 1న బల్గేరియా చేరడంతో యూరో వాడే దేశాలు 21 అయ్యాయి. ఇన్ని దెబ్బల తర్వాత కూడా బయటికి వెళ్లినవాళ్లు లేరు, చేరేవాళ్లు ఉన్నారు.

బయటికి దారి

యూనియన్ నుంచే బయటికి వెళ్లింది మనం ఉన్న దేశం. 1973లో చేరింది, 2016లో 51.9 శాతం వద్దన్నారు, 2020 జనవరి 31న వెళ్లిపోయింది.

మనవాళ్లలో కూడా రెండు వైపులా ఓటు వేసినవాళ్లున్నారు. యూరప్ నుంచి వచ్చేవాళ్లు తగ్గితే మనవాళ్లకు వీసాలు పెరుగుతాయన్న ప్రచారం అప్పుడు దక్షిణాసియా వాళ్ల మధ్య బాగా నడిచింది. 2021 నుంచి యూరప్ వాళ్లకూ మనకూ ఒకే పాయింట్ల పద్ధతి వచ్చిన మాట, నైపుణ్యం ఉన్న ఉద్యోగుల వీసాల్లో భారతీయులు ముందు వరుసలో నిలిచిన మాట నిజమే. ఆ లెక్కన ఓటు వేసినవాళ్లను నేను తప్పుపట్టను. కానీ బేరంలో పోయిందేమిటో కూడా చెప్పుకోవాలి. నేను 2008లో బ్రిటిష్ పౌరసత్వం తీసుకున్నాను. ఆ పాస్‌పోర్ట్‌తో ఆమ్‌స్టర్‌డామ్‌లోనో మ్యూనిక్‌లోనో ఎవరినీ అడగకుండా ఉద్యోగంలో చేరే హక్కు వచ్చింది. 2020 డిసెంబరు 31 రాత్రితో ఆ హక్కు పోయింది. నాకంటే ఎక్కువ నష్టం ఇక్కడ పుట్టిన మన పిల్లలది. వాళ్లను ఎవరూ అడగలేదు.

బయటికి వెళ్లడం ఎంత చిక్కో ఐర్లండ్ సరిహద్దు చూపించింది. దాదాపు 500 కిలోమీటర్ల ఆ గీత మీద 1998 శాంతి ఒప్పందం తర్వాత తనిఖీలు లేవు. బ్రిటన్, ఐర్లండ్ రెండూ ఒకే మార్కెట్‌లో ఉండటం కూడా అందుకు ఒక కారణం. ఒకటి బయటికి వచ్చేసరికి సరుకు తనిఖీ ఎక్కడ చేయాలన్న ప్రశ్న వచ్చింది. ఆ ఒక్క ముడి మీద 2019లో ఒప్పందం మూడుసార్లు ఈ పార్లమెంటులో ఓడిపోయింది, ఒక ప్రధాని దిగిపోయారు. చివరికి ఉత్తర ఐర్లండ్ మాత్రం సరుకుల విషయంలో యూరప్ నియమాలనే పాటించేలా రాజీ పడ్డారు, 2023లో దాన్ని మళ్లీ సవరించారు. యాభై ఏళ్లు కలిసి అల్లిన చాపలోంచి ఒక పోగు లాగడం అంత తేలిక కాదు.

అదే సమయంలో ఈయూ గొప్పదనం ఒకటి ఒప్పుకోవాలి. వెళ్తానన్నవాణ్ణి వెళ్లనిచ్చింది. సైన్యం కదల్లేదు, రక్తం కారలేదు. లాయర్లు, గడువులు, వందల పేజీల కాగితాలు. అంతే.

మన వైపు చూస్తే

ఇలాంటిది మన దక్షిణాసియాలో ఎందుకు రాలేదని యువకులు అడుగుతుంటారు. సార్క్ 1985లో ఢాకాలో పుట్టింది. దాని చార్టర్‌లోనే రెండు మాటలు రాసుకున్నారు: నిర్ణయాలన్నీ ఏకాభిప్రాయంతోనే, ద్విపక్ష వివాదాలు చర్చకు రాకూడదు. అంటే భయం ఎక్కడుందో అక్కడ చెయ్యి వేయకూడదని ముందే ఒట్టు పెట్టుకున్నారు. కోర్టు లేదు, సొంత ఆదాయం లేదు. 2014లో ఖాట్మండులో శిఖరాగ్ర సమావేశం జరిగింది, 2016లో ఇస్లామాబాద్‌లో జరగాల్సింది ఉగ్రవాద దాడి తర్వాత ఆగిపోయింది, మళ్లీ ఆ బండి కదల్లేదు. ఇందులో ఇంకో చిక్కూ ఉంది. యూరప్‌లో ఏ ఒక్క దేశమూ మిగతా అందరికంటే పెద్దది కాదు. దక్షిణాసియాలో భారత్ మిగతా అన్నిటినీ కలిపినా పెద్దది. అలాంటి చోట పెద్దన్న తన బరువు తనే తగ్గించుకునే ఓట్ల లెక్కకు ఒప్పుకుంటే తప్ప చిన్నవాళ్లకు నమ్మకం కుదరదు.

దేశం లోపల కూడా ఈ పాఠాలు పనికొస్తాయి. లోక్‌సభ సీట్లలో రాష్ట్రాల వాటాను 1976లో 1971 జనాభా లెక్కల దగ్గర ఆపారు. 84వ సవరణతో ఆ గడువును 2026 తర్వాత జరిగే మొదటి జనాభా లెక్కల దాకా పొడిగించారు. కుటుంబ నియంత్రణ పాటించినందుకు గొంతు తగ్గిపోతుందా అన్నది మన రెండు రాష్ట్రాలతో సహా దక్షిణాది భయం. ఉత్తరాది మనిషి ఓటు విలువ ఎందుకు తగ్గాలన్నది అవతలి వాదన. రెండూ న్యాయమైనవే. యూరప్ రెండు లెక్కలనూ పక్కపక్కన పెట్టి నడుపుతోంది: చట్టం నెగ్గాలంటే జనం బలమూ కావాలి, రాష్ట్రాల బలమూ కావాలి. మనం అచ్చంగా అదే చెయ్యనక్కర్లేదు. కానీ అలా కుదిరిన చోటు ఒకటుందని వాదించేటప్పుడు తెలిసి ఉండాలి.

కృష్ణా నీళ్ల సంగతి ఎత్తకుండా ముగించలేను. 2014 విభజన చట్టంతో కృష్ణా నదీ యాజమాన్య బోర్డు ఏర్పడింది. 2021లో కేంద్రం గెజిట్ ఇచ్చి ప్రాజెక్టులను దాని పరిధిలోకి తెచ్చింది. పేచీ అంతా వాటిని బోర్డుకు అప్పగించడం దగ్గరే నడిచింది. ఎందుకంటే రెండు రాష్ట్రాలకూ పక్కవాడు ముందు ఇవ్వాలి. 1950లో షూమన్ చేసిందేమిటంటే, ఎప్పుడూ కొట్టుకునే ఇద్దరిలో గెలిచిన పక్షం తరఫున నిలబడి, ముందు నా తాళం కూడా ఇస్తాను అన్నాడు. ఫ్రాన్స్ యుద్ధం ముగిసిన ఐదేళ్లకే ఆ మాట అనగలిగింది. భాష ఒకటే, తిండి ఒకటే అయిన మనం ఇన్నేళ్లకైనా అనలేకపోతున్నామంటే కొంచెం ఆలోచించుకోవాలి.

ఈయూ స్వర్గం కాదు. నెమ్మది, ఖర్చు, కాగితాల బరువు అన్నీ ఉన్నాయి. మధ్యధరా సముద్రంలో పడవలు మునిగి మనుషులు చనిపోతుంటే, ఆశ్రయం కోరినవాళ్లను ఎవరు తీసుకోవాలన్న దాని మీద ఏళ్ల తరబడి తగువులాడుకున్న చరిత్ర కూడా దానిదే. తలుపులు ఉమ్మడిగా తెరిచి, వచ్చినవాళ్ల బాధ్యత మాత్రం ఎవరికి వారికి వదిలేసిన ఫలితం అది. కానీ వందేళ్లలోపు మూడుసార్లు యుద్ధం చేసుకున్న ఫ్రాన్స్, జర్మనీ ఇప్పుడు చేపల కోటా మీద, పాల ధర మీద తెల్లవార్లూ కీచులాడుకుంటున్నాయి. ఆ కీచులాట చూసి విసుక్కునే ముందు, అంతకుముందు వాళ్లు తెల్లవార్లూ ఏం చేసేవాళ్లో గుర్తుచేసుకుంటే చాలు.

 ప్రశ్నలుంటే అడగండి. బ్రెగ్జిట్ మీద ఎవరు ఎటు ఓటు వేశారో మాత్రం భోజనాలయ్యాక మాట్లాడుకుందాం. నమస్కారం.